చిట్టెమ్మ కళ్లకు కట్టు

నర్సింగ్‌లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "ఇన్నేళ్లు చేశారు కదా మేడమ్, మాకేమన్నా చెప్పండి" అంటారు. నిజానికి వాళ్లు తెలుసుకోవాలనుకునేది ప్రమోషన్ ఎన్నేళ్లకు వస్తుంది, గల్ఫ్‌కి వెళ్లడం మంచిదా కాదా, ఇలాంటివి. అవి నాకు తెలియవు. సూది ఎలా వేయాలో కాలేజీలో నేర్పుతారు, నాకంటే బాగానే నేర్పుతారు. అందుకని నేను వాళ్లకు ఒక గుడ్డబొమ్మ సంగతి చెప్తాను. కొందరు ఫోను చూసుకుంటూ ఊఁ కొడతారు. ఈమధ్య ఒకమ్మాయి మాత్రం పూర్తిగా విని, "ఇది రాసి పెట్టండి మేడమ్" అంది. అందుకే రాస్తున్నాను. ఇందులో నా గొప్పతనం వెతక్కండి. ఉన్నదంతా నా తెలివితక్కువతనం, మిగతావాళ్ల మంచితనం.

మిరప రోజుల్లో మా వార్డు

నేను ఎక్కువకాలం పనిచేసింది గుంటూరుకూ ఒంగోలుకూ మధ్య ఒక మిషన్ ఆసుపత్రిలో, కంటి వార్డులో. ఇది ఎనభైల నాటి మాట. వార్డులో పన్నెండు మంచాలు. ఇన్‌ఛార్జి సిస్టర్ని నేనే.

నాకు శుభ్రం పిచ్చి. మా నాన్న బడిపంతులు. ఆదివారం చర్చిలో వాక్యం చదివేవాడు. ఇంట్లో తోమిన చెంబు బోర్లించే చోటు కూడా మారడానికి వీల్లేదు. అబద్ధం ఆడినట్టు తెలిస్తే ఆ పూట అన్నం ఉండేది కాదు. శుభ్రం, అబద్ధమంటే గిట్టకపోవడం, ఈ రెండూ ఆయన దగ్గరి నుంచి నాకు వచ్చాయి. ఈ రెండూ ఉంటే నర్సుకు ఇంకేం కావాలి అనుకునేదాన్ని.

మాకు ఏ కాలంలో ఏ కన్ను వస్తుందో ముందే తెలుసు. వరి కోతలప్పుడు గడ్డిపోచ గుచ్చుకున్న కళ్లు, ఎండాకాలం కళ్లకలకలు, చీమకుర్తి రాతి క్వారీల వైపు నుంచి రాతిముక్క పడిన కళ్లు. మాఘమాసం వచ్చిందంటే మిరప. కాయ కోసి కళ్లాల్లో ఎండబోస్తారు. ఆడకూలీలు ఆ ఎర్రటి రాశుల చుట్టూ కూర్చుని, రంగు పోయిన తాలుకాయలను ఏరి వేరు చేస్తుంటారు. ఆ ఘాటుకు కొత్తగా వచ్చినవాళ్లు తుమ్మలేక చస్తారు. మాకు మాత్రం అసలు తెలిసేది కాదు. ఆ రెండు మూడు నెలలు మా వైపు గాలిలోనే, బస్సులోనే, ఆరేసిన బట్టల్లోనే మిరప ఉంటుంది. ముక్కు దాన్ని లెక్కచేయడం మానేస్తుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నా మొదటి తప్పంతా ఇక్కడే ఉంది.

కంట్లో మంట పుడితే మా ఊళ్లలో ఎవరూ తిన్నగా ఆసుపత్రికి రారు. పసిబిడ్డ తల్లిని బతిమాలి చనుబాలు పోయించుకుంటారు. ఇంకొందరు ఏ ఆకో నలిపి కంట్లో పసరు పిండుకుంటారు. పసరు పిండిన కన్ను కనబడితే మా డాక్టరమ్మ అరిచే అరుపు గేటు దాకా వినిపించేది.

డాక్టరమ్మగారి గురించి కూడా ఒక ముక్క చెప్పాలి. పొట్టి మనిషి, దళసరి కళ్లద్దాలు. ఆమె గదిలోకి వస్తే మేం గోడకు అంటుకుపోయేవాళ్లం. కానీ ఆ చేతిలో కుట్టు చూడాలి. వెంట్రుక కంటే సన్నటి దారంతో కంటి మీద కుట్లు వేస్తే కొలబద్ద పెట్టి గీసినట్టు ఉండేవి. "డాక్టర్‌గిరీ పోతే దర్జీ కొట్టు పెట్టుకుంటాను" అనేవారు. తన కుట్టుకు వంక పెట్టిన మనిషి ఇంకా పుట్టలేదని ఆమె నమ్మకం. మా నమ్మకమూ అదే.

మూడోసారి వచ్చిన పిల్ల

ఆ పిల్ల పేరు కరుణ. ఐదేళ్లుంటాయి. వాళ్లమ్మ సువార్త, మిరప కళ్లంలో కూలీ. మొదటిసారి వచ్చినప్పుడు పిల్లకు రెండు కళ్లూ ఎర్రగా ఉన్నాయి. మందు చుక్కలు ఇచ్చి పంపాం. వారానికి మళ్లీ వచ్చింది, మందు మార్చి ఇచ్చాం. మూడోసారి వచ్చేసరికి ఎడమకంటి నల్లగుడ్డు మీద నూకగింజంత తెల్లటి పుండు కనబడింది. పిల్ల నలిపి నలిపి గోరు గీసుకుంది, అది చీము పట్టింది.

డాక్టరమ్మగారు సువార్తను కూర్చోబెట్టి చెప్పారు. "చూడమ్మా, ఈ పుండు పైపైన మానితే చిన్న మచ్చతో పోతుంది. లోపలికి దిగితే కంట్లో పువ్వు పడి చూపు మూసుకుపోతుంది. పడిన పువ్వును తీయడం నా చేతిలో లేదు. మీరిద్దరూ ఇక్కడే ఉండాలి."

"ఎన్నాళ్లయినా ఉంటానమ్మా. నాకిదొక్కతే" అంది సువార్త.

కంటిగుడ్డు కదలకుండా ఉండాలని రెండు కళ్లకూ కట్టు కట్టాం. ఆ రోజుల్లో పద్ధతి అది, ఇప్పుడలా కట్టరంటున్నారు. రోజుకు ఇన్నిసార్లని కట్టు విప్పడం, మందు వేయడం, మళ్లీ కట్టడం. పిల్లకు పొద్దూ తెలియదు, మాపూ తెలియదు. అన్నీ చేతుల్తోనే చూసుకునేది.

ఆ చేతుల్లో ఎప్పుడూ చిట్టెమ్మ ఉండేది. జానెడు గుడ్డబొమ్మ. పాత చీర ముక్కతో కుట్టి, లోపల పత్తి కూరారు. జుట్టేమో సువార్త చిక్కు తీసుకున్నప్పుడు రాలిన వెంట్రుకలు. కళ్లు నల్లదారంతో రెండు కుట్లు. కరుణ వాళ్ల అమ్మమ్మ, పత్తి తీతకు వెళ్లినప్పుడు కొంగున కట్టుకొచ్చిన దూదితో చేసిందట. చేసిన ఏడాదే ఆమె పోయింది.

నా వార్డులోకి బయటి గుడ్డముక్క రావడానికి వీల్లేదు. సువార్త తెచ్చుకున్న బొంత బయటపెట్టించాను. చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడిగించాను. పచ్చడి సీసా లాక్కున్నాను. బొమ్మ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనసొప్పలేదు. కళ్లు కట్టేసిన పిల్ల, ఆ బొమ్మను దుప్పటి కిందకు లాక్కుని "ఊరుకో చిట్టెమ్మా, నర్సమ్మ ఏమీ అనదులే" అంటోంది. చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఆ వారంలో నేను చూపించిన జాలి అదొక్కటే, కీడు చేసిందీ అదే.

తల్లిని బయట కూర్చోబెట్టాను

నాలుగు రోజులైనా పుండు తగ్గలేదు. కట్టు విప్పిన ప్రతిసారీ కళ్లు మళ్లీ ఎర్రగా, నీళ్లు కారుతూ ఉండేవి. పిల్ల కట్టు కిందకు వేళ్లు దూర్చి నలుపుకునేది. "ఎవరో కంట్లో ఏదో పోస్తున్నారు సిస్టర్. కనుక్కోండి" అన్నారు డాక్టరమ్మగారు.

నాకు కనుక్కునేదేముంది, నా మనసులో జవాబు ముందే ఉంది. వార్డంతా వింటుండగా సువార్తను నిలదీశాను.

"పసరు పిండుతున్నావా?"

"లేదమ్మగారూ."

"చనుబాలు పోయించావా? నిజం చెప్పు."

"ఏమీ పొయ్యలేదమ్మా. నా బిడ్డ మీద ఒట్టు."

"ఒట్లు నా దగ్గర పెట్టకు. నువ్వు లోపల ఉంటే ఈ కన్ను మానదు. బయట వరండాలో కూర్చో. అన్నం పెట్టేటప్పుడు వస్తే చాలు."

సువార్త పిల్ల తల నిమిరి, కొంగుతో మొహం తుడుచుకుంటూ వెళ్లి వరండాలో కిటికీ కింద కూర్చుంది. కూలీనాలీ చేసుకునే ఆడవాళ్ల మాట కంటే మన అనుమానమే గట్టిదనుకోవడం ఆసుపత్రుల్లో పెద్ద జబ్బు. ఈ జబ్బు డాక్టర్ల కంటే నర్సులకే ఎక్కువ. నాకు బాగా ముదిరింది.

మర్నాడు పొద్దున ఆయా అన్నమ్మ, కరుణను స్నానాలగదికి ఎత్తుకెళ్లింది. అన్నమ్మకు యాభై దాటుంటాయి, వార్డులో ఊడ్చి తుడవడం, వాడిన కట్లు కాల్చేయడం ఆవిడ పని. మంచం ఖాళీగా దొరికింది కదా అని దుప్పటి మారుద్దామని చూశాను. చిట్టెమ్మ అక్కడే ఉంది. బొమ్మను చంకలో పెట్టుకుని దుప్పటి దులిపి పరిచాను. బొమ్మను తీసి దిండు మీద పెట్టాను. చెమట పట్టిందని అరచేత్తో మొహం తుడుచుకున్నాను.

అంతే. రెండు కళ్లలో నిప్పు పోసినట్టయింది. కుళాయి కింద తల పెట్టి ఎంతసేపు ఉన్నానో నాకే తెలియదు. కాస్త తెరిపిన పడ్డాక వచ్చి బొమ్మను ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా నొక్కాను. తుమ్ములే తుమ్ములు. పక్క మంచం ముసలాయన "జలుబు చేసిందా సిస్టరమ్మా" అని పరామర్శించాడు.

వరండాలోకి వెళ్లి సువార్తను అడిగాను. "కళ్లంలో ఈ బొమ్మ ఎక్కడుంటుంది?"

"కాయల మీదే పడుకోబెట్టిద్దమ్మా. ఎర్ర పరుపంట దానికి. పొద్దుగూకులూ కాయల మీదే ఉంటది. రాత్రి ఇంటికొచ్చాక మొహానికి ఆనిచ్చుకుని తొంగుంటది."

"ఘాటు తెలియలేదా నీకు?"

"మాకేం తెలిసిద్దమ్మా. మా ఒంటినిండా అదే గదా."

ఆమెను అని ఏం లాభం? నాలుగు రోజులు నా ముక్కు కింద ఉంటే నాకే తెలియలేదు. ఆ నిమిషాన "తప్పు నాది సువార్తా" అనాల్సింది. అనలేదు. "సరే, ఇక లోపలికి రా" అన్నాను, అదేదో నేను చేసిన మేలైనట్టు.

పెద్ద తప్పు

కారణం దొరికిన సంతోషంలో మనిషి గుడ్డిగా పరిగెడతాడు. నేనూ అంతే. మధ్యాహ్నం పిల్ల నిద్రపోతుంటే చిట్టెమ్మను రెండు వేళ్లతో పట్టుకుని వాడిన కట్లు వేసే బకెట్లో పడేశాను. ఆ బకెట్టును సాయంత్రంలోపు అన్నమ్మ వెనక గుంటలో కాల్చేస్తుంది. ఊరికే తీసేయకూడదని క్రిస్మస్‌కు ఎవరో దాతలు ఇచ్చిన పెట్టెలోంచి ఒక ప్లాస్టిక్ బొమ్మను తెచ్చి పిల్ల పక్కన పెట్టాను. ఖరీదైనది, పడుకోబెడితే కళ్లు మూసుకుంటుంది. మంచి పని చేశాననే అనుకున్నాను.

పిల్ల లేచి చెయ్యి చాపింది. బొమ్మ తగిలింది. వేళ్లు ఆగిపోయాయి.

"చిట్టెమ్మేది?"

జీవితంలో అబద్ధం ఆడనని గొప్ప చెప్పుకునే మనిషిని, "ఇదిగో, ఇదే చిట్టెమ్మ" అన్నాను. కళ్లు కట్టేసి ఉన్నాయి కదా, ఏం తెలుస్తుంది అని.

పిల్ల బొమ్మ మొహం తడిమింది, చేతులు తడిమింది. "ఇట్టా ఉందేంటి?"

"స్నానం చేయించాను. అందుకే అలా ఉంది." రెండో అబద్ధం.

ఈసారి ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత మెల్లగా బొమ్మను పక్కన పడుకోబెట్టి దుప్పటి మొహం మీదకు కప్పింది.

"చిట్టెమ్మ చచ్చిపోయింది" అంది.

నాకు అర్థం కాలేదు. "అదేంటమ్మా?"

"బిగుసుకుపోయింది. సల్లగుంది. వాసన గూడా రావట్లా. మా అమ్మమ్మ గూడా ఇట్టాగే అయింది."

నేను నిజం చెప్పి తీసుకుపోయినా ఏడ్చేదే. కానీ తన చిట్టెమ్మ ఎక్కడో ఉందని తెలిసి ఏడ్చేది. ఇదే చిట్టెమ్మ అని నేను బల్లగుద్ది చెప్పాను కాబట్టి, చచ్చిపోయిన చిట్టెమ్మను ఆ పిల్ల పక్కలో పడుకోబెట్టినదాన్ని అయ్యాను.

పిల్ల గోల చేయలేదు. గోల చేస్తే బాగుండేది. కట్టు కింద కళ్లు కారుతూనే ఉన్నాయి. పాలు తాగలేదు, అన్నం ముట్టలేదు. కట్టు మార్చిన పది నిమిషాలకే దూది తడిసి ముద్దయ్యేది. సువార్త ఒళ్లో పెట్టుకుని ఊపుతూ "ఏడవమాక తల్లీ, కన్ను పోతది తల్లీ" అని తనూ ఏడుస్తోంది.

నాలుగు గంటల రౌండ్‌లో డాక్టరమ్మగారు కట్టు విప్పి చూశారు. "ఇలా కారుతుంటే మందు ఎక్కడ నిలుస్తుంది? ఇంకో రెండు రోజులు ఇలాగే ఏడిస్తే ఈ కన్ను దక్కదు. ఏం చేశారు ఈ పిల్లని?"

వరండాలోకి తీసుకెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. మిరప ఘాటు సంగతి, బకెట్టు సంగతి, రెండు అబద్ధాల సంగతి. అరుస్తారనుకున్నాను. ఆమె అరవలేదు. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని, "బొమ్మ ఎక్కడ?" అన్నారు.

"కాల్చేసి ఉంటారమ్మా."

"వెళ్లి చూడండి."

పరిగెత్తాను. గుంటలో పొగ వస్తోంది. పుల్ల తీసుకుని బూడిద కెలుకుతుంటే వెనక నుంచి అన్నమ్మ గొంతు వినిపించింది.

"ఏం ఎతుకుతన్నారు సిస్టరమ్మా?"

"బొమ్మ అన్నమ్మా. గుడ్డబొమ్మ. బకెట్లో వేశాను."

"అదా? కాల్చలేదమ్మా."

పుల్ల పక్కన పడేసి ఆమె వైపు తిరిగాను.

"కాల్చబోయాను గానీ చేతులు రాలా. కళ్లున్నయ్ గదమ్మా దానికి, నన్నే చూత్తంది" అంది అన్నమ్మ. చీపుర్లు పెట్టుకునే గది కిటికీలో చిట్టెమ్మ కూర్చుని ఉంది. మొహం మీద కట్లకు వాడే గాజుగుడ్డ చిన్న ముక్క కప్పి ఉంది. "ఎండ పడతంది. అది కళ్లు మూసుకోలేదు గదా, అందుకని కప్పా" అని సంజాయిషీ చెప్పింది, తనేదో తప్పు చేసినట్టు. నేను చదువుకున్న చదువంతా ఆ గాజుగుడ్డ ముక్క ముందు ఎందుకూ పనికిరాలేదు.

చిట్టెమ్మకు ఆపరేషన్

డాక్టరమ్మగారు రౌండ్ ఆపేసి పిల్ల మంచం మీద కూర్చున్నారు. నేను పక్కన నిలబడ్డాను.

"కరుణా, చిట్టెమ్మ చచ్చిపోలేదు. నర్సమ్మ చెప్తుంది విను."

"అబద్ధం చెప్పానమ్మా. అది వేరే బొమ్మ. నీ చిట్టెమ్మను నేనే పారేశాను. అన్నమ్మ దాచిపెట్టింది" అన్నాను. వార్డంతా వింటోంది. విననీ అనుకున్నాను. సువార్తను నిలదీసినప్పుడూ విన్నారు కదా.

డాక్టరమ్మగారు బొమ్మను పిల్ల చేతికి తగిలించారు. మొహానికి కాదు, చేతికి మాత్రమే. కరుణ ఒక్కసారి తడిమి "యాడికి పోయావే!" అంది. ఆ గొంతులో కోపం, సంతోషం రెండూ ఉన్నాయి. దగ్గరికి లాక్కోబోయింది.

"ఆగు. చిట్టెమ్మకి ఒంట్లో బాగాలేదు. కడుపునిండా కారం పోయింది. దాని కళ్లు మండుతున్నాయి, నీ కళ్లూ దానివల్లే మండుతున్నాయి. లోపలి దూది తీసి కొత్తది పెట్టాలి."

"కోత్తారా?"

"కోస్తాను. మత్తు ఇచ్చాకే."

పిల్ల ఆలోచించింది. "దూదంతా తీసేత్తే అది చిట్టెమ్మ ఎట్టా అవుద్ది? అది మా అమ్మమ్మ పెట్టిన దూది."

డాక్టరమ్మగారు పెద్దవాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడారు. "సరే. గుండె ఉన్నచోట చిటికెడు పాత దూది ఉంచుతాను. దాన్ని కడిగి, ఉడకబెట్టి, శుభ్రమైన గుడ్డలో చుట్టి మళ్లీ అక్కడే పెడతాను. ఒప్పుకుంటావా?"

"ఊఁ" అంది కరుణ. ఆ సాయంత్రం గ్లాసెడు పాలు తాగింది.

ఆపరేషన్ నిజంగానే చేశాం. చిట్టెమ్మ పొట్ట కోస్తే దూదిలోంచి ఎర్రటి పొడి రాలింది, డాక్టరమ్మగారు, నేను, అన్నమ్మ ముగ్గురం తుమ్మాం. చీర గుడ్డ సబ్బునీళ్లలో ఉడకబెట్టాం. జుట్టు అన్నమ్మ కుంకుడుకాయతో రుద్దింది. చిటికెడు పాత దూది మాట ఇచ్చిన ప్రకారం గుండెలో పెట్టాం. ఉడకబెట్టడంలో కళ్ల దారాలు ఊడిపోయాయి. డాక్టరమ్మగారు కంటి ఆపరేషన్లకు వాడే నల్ల పట్టుదారం తీయించి, రెండు కేసుల మధ్య ఖాళీలో, చిట్టెమ్మకు రెండు కళ్లు కుట్టారు. "చూశారా సిస్టర్, ఈ బొమ్మకున్నంత మంచి కుట్టు ఈ జిల్లాలో ఎవరికీ లేదు" అని మురిసిపోయారు.

మర్నాడు చిట్టెమ్మ మంచానికి వచ్చింది. దాని రెండు కళ్లకూ కట్టు ఉంది. అది డాక్టరమ్మగారి ఆలోచనే. కరుణ వేళ్లు ఆ కట్టు మీద ఆగాయి.

"దీనికి గూడానా?"

"దానికి కూడా. నీ కట్టు విప్పినరోజే దాని కట్టూ విప్పుతాం. అది నలుపుకోకుండా చూసుకోవాల్సింది నువ్వే."

ఆ తర్వాత పిల్ల వేళ్లు తన కట్టు కిందకు వెళ్లలేదు. చిట్టెమ్మ రెండు చేతులూ పట్టుకుని పడుకునేది, అది నలుపుకుంటుందని. ఏ మందు వేయడానికి వెళ్లినా "ముందు చిట్టెమ్మకి" అనేది. ముందు బొమ్మకు చుక్కలు వేసినట్టు చేసి, ఆ తర్వాత పిల్లకు వేసేదాన్ని. కిమ్మనకుండా వేయించుకునేది.

ఒక్కదానికి మాత్రం నేను లొంగలేదు. "నొప్పిగా ఉందేమో దాన్నడుగు నర్సమ్మా" అనేది. "బొమ్మలు మాట్లాడవమ్మా" అనేదాన్ని. అన్నమ్మ అడిగేది, ఏదో జవాబు చెప్పేది. నాకు మాత్రం ఇంకో అబద్ధం నోట రాలేదు.

"నీతో మాట్టాడదులే. నువ్వు దాన్ని పారేశావుగా" అంది ఒకరోజు, కోపం లేకుండానే.

కట్టు విప్పిన రోజు

పుండు మానడం మొదలైంది. చీము పోయింది. కానీ మచ్చ ఎక్కడ నిలుస్తుందో, చూపు ఎంత మిగులుతుందో కట్టు పూర్తిగా తీసేదాకా చెప్పలేనన్నారు డాక్టరమ్మగారు. ఆ రోజు వచ్చింది. కిటికీ తెరలు వేశాం. సువార్త మంచం కడ్డీ పట్టుకుని నిలబడింది.

"ముందు చిట్టెమ్మకి" అంది కరుణ.

చిట్టెమ్మ కట్టు విప్పాను. ఆ తర్వాత పిల్లది. కరుణ కళ్లు చికిలించి అటూ ఇటూ చూసింది. డాక్టరమ్మగారు తన అరచేత్తో పిల్ల కుడికన్ను మూసి, బొమ్మను నన్ను ఎత్తి పట్టుకోమన్నారు. ఇప్పుడు ఎడమకన్ను ఒక్కటే తెరిచి ఉంది.

సువార్త పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన చేసుకుంటోంది.

"చిట్టెమ్మా, నేను కనపడతన్నానా?" అంది కరుణ చివరకు.

మేం తనను అడగాల్సిన మాట తను బొమ్మను అడిగింది. పిల్ల నావైపు మొహం తిప్పి, "నర్సమ్మా, ఇప్పుడు నీతో మాట్టాడతదేమో, అడుగు" అంది.

మా నాన్న పైనుంచి చూస్తుంటే చూడనీ అనుకున్నాను. చిట్టెమ్మ నోరు నా చెవి దగ్గర పెట్టుకున్నాను. "కనపడుతున్నావంట. చక్కగా ఉన్నావంట. మరి తను నీకెలా కనపడుతోందో చెప్పమంటోంది" అన్నాను.

కరుణ తల కాస్త పక్కకు వంచి ఆ ఒక్క కంటితో బొమ్మను పరీక్షగా చూసింది.

"ఒక కన్ను వంకరగా కుట్టారు."

డాక్టరమ్మగారు పిల్ల కన్ను వదిలేసి నా చేతిలోంచి బొమ్మను లాక్కున్నారు. కళ్లద్దాలు పైకి తోసి, బొమ్మను మొహానికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చూశారు. నిజమే. ఎడమకన్ను నూలుపోగంత కిందకు ఉంది. అది కనబడాలంటే చూపు ఎంత బాగుండాలో ఆమెకు తెలుసు.

"వంకరే" అన్నారు. కళ్లద్దాలు తీసేశారు. ఆమె కళ్లలో నీళ్లు నేను చూసింది ఆ ఒక్కసారే. "విప్పి మళ్లీ కుడతానే."

"వద్దు. మళ్లా నొప్పి పుట్టిద్ది" అంది కరుణ, బొమ్మను లాక్కుని.

సువార్త కడ్డీ పట్టుకునే నేల మీద కూర్చుండిపోయింది.

వాళ్లు ఇంటికి వెళ్లే రోజు డాక్టరమ్మగారు పిల్లకు ఒకటే జాగ్రత్త చెప్పారు. చిట్టెమ్మను కాయల మీద పడుకోబెట్టకూడదు, దాని దగ్గర కూర్చునేవాళ్లు కళ్లానికి దూరంగా కూర్చోవాలి. తన కన్ను కోసమైతే వినేదో లేదో, చిట్టెమ్మ కోసం గట్టిగా తలూపింది.

నేను గేటు దగ్గర సువార్తను ఆపాను. "ఆ రోజు నిన్ను అందరిముందూ అన్నాను. బయట కూర్చోబెట్టాను. తప్పు నాది సువార్తా."

ఆమె నవ్వింది. ఎత్తిపొడుపుగా కాదు, అలసిపోయిన మనిషి నవ్వు. "నేను బిడ్డ మీద ఒట్టేసి చెప్తే నమ్మలా అమ్మగారూ మీరు. బొమ్మ చెప్తే నమ్మారు."

ఆమె చేతిలో సంచి తీసుకుని బస్టాండు దాకా నేనే మోశాను. ముందు సువార్త నడుస్తోంది, కరుణ ఆమె భుజం మీద నుంచి వెనక్కి చూస్తోంది. ఎండ బాగా ఉంది. పిల్ల రెండు కళ్లూ చికిలించుకుంటూనే, చిట్టెమ్మ కళ్ల మీద ఎండ పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టింది.